ఎలక్ట్రిక్ కారు (ఈవీ) బయట ఛార్జ్ చేసేటప్పుడు ముందు గన్ (ఛార్జర్ కేబుల్ చివరి ప్లగ్గు) కారుకు పెట్టాలా, ముందు యాప్‌లో స్టార్ట్ నొక్కాలా? యాప్ పనిచేయకపోతే వేరే దారి ఏంటి?

సూర్యాపేట_రూట్:

అందరికీ నమస్కారమండీ. వచ్చే వారం హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద నెక్సాన్ ఈవీలో వెళ్తున్నాం. బ్యాటరీ 40.5 యూనిట్లది. దారి మధ్యలో సూర్యాపేట దగ్గర ఆగి 20 నుంచి 80 శాతం దాకా ఎక్కించుకుందామని ఆలోచన. ఇప్పటిదాకా ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు తప్ప బయట డీసీ (ఫాస్ట్) ఛార్జర్ వాడలేదు. మూడు సందేహాలు.

గన్ ముందు పెట్టాలా, యాప్‌లో స్టార్ట్ ముందు నొక్కాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా, యాప్ మొరాయించినా ఛార్జింగ్ మొదలుపెట్టడానికి వేరే మార్గాలు ఏమున్నాయి?

యాప్‌లో ‘ప్రిపేరింగ్’ అని కాసేపు చూపించి ఎర్రర్ ఇస్తుందని చాలామంది రాస్తున్నారు. అప్పుడు తప్పు ఎక్కడున్నట్టు, కారులోనా మెషిన్‌లోనా?

---

ఛార్జర్_టెక్నీషియన్_బెజవాడ:

ముందు ఒక్క విషయం పట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఛార్జింగ్ మొదలవ్వాలంటే రెండు పనులు వేర్వేరుగా జరగాలి. ఒకటి అనుమతి. ఈ మనిషి ఖాతాలో డబ్బులున్నాయా, కరెంటు ఇవ్వొచ్చా అని మెషిన్ తన సర్వర్‌ని అడగడం. ఇది మెషిన్ లోపలి సిమ్ మీద నడుస్తుంది. రెండోది కారూ మెషిన్ మాట్లాడుకోవడం. దీనికి ఇంటర్నెట్‌తో పని లేదు, గన్‌లోని సన్న పిన్నుల మీద జరిగిపోతుంది. ఆగింది ఈ రెంట్లో ఏదో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలిసినట్టే.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: గన్ ముందు, స్టార్ట్ తర్వాత. కానీ గన్ పెట్టేసి ఆ తర్వాత తీరిగ్గా యాప్ డౌన్‌లోడ్ చేయడం, ఓటీపీ కోసం చూడటం, వ్యాలెట్‌లో డబ్బులు వేయడం పెట్టుకోవద్దు. గన్ తగలగానే చాలా మెషిన్లలో కారు మాటలు మొదలుపెడుతుంది. ‘అనుమతి వచ్చిందా?’ అని అడుగుతూనే ఉంటుంది. ఆ అడగడానికి ప్రమాణంలోనే గడువు ఉంది, 60 సెకన్లు. అది దాటితే కారు విసిగి లైన్ కట్ చేసి పడుకుంటుంది. ఆ తర్వాత మీరు స్టార్ట్ నొక్కితే సర్వర్ సరేనంటుంది, మెషిన్ సరేనంటుంది, కారు మాత్రం పలకదు. జనం రాసే ‘ప్రిపేరింగ్’ గొడవల్లో చాలావాటికి కారణం ఇదే.

అలాగని స్టార్ట్ ముందే నొక్కినా చిక్కే. మెషిన్ గన్ కోసం కొంతసేపే ఎదురుచూస్తుంది. ఆ గడువు ఆపరేటర్ (మెషిన్ నడిపే కంపెనీ) పెట్టుకున్నది, నిమిషం అటూ ఇటూ ఉంటుంది. కేబుల్ విడదీసి, మూత తీసి, గన్ పెట్టేలోపు అది కాస్తా అయిపోతుంది.

అందుకని వరస ఇది. కారు పార్క్‌లో పెట్టి ఆపేయండి. యాప్‌లో లాగిన్ అయి ఉండాలి, బ్యాలెన్స్ ఉండాలి. మెషిన్ మీది క్యూఆర్‌ని యాప్ లోపలి స్కానర్‌తోనే స్కాన్ చేసి, మీరు తీసుకోబోయే గన్ నంబరు ఎంచుకుని, స్టార్ట్ బటన్ కనబడే దాకా వచ్చి ఆగండి. ఇప్పుడు గన్ పూర్తిగా లోపలికి నొక్కండి. కారులో తాళం పడిన ‘టక్’ శబ్దం వినబడగానే స్టార్ట్ నొక్కండి. అక్కడి నుంచి యూనిట్లు కదలడానికి 30 సెకన్ల నుంచి నిమిషంన్నర పట్టొచ్చు. మధ్యలో మళ్లీ మళ్లీ నొక్కకండి.

గన్ నంబరు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒకే మెషిన్‌కు రెండు గన్లుంటే 1 ఎంచుకుని 2 పెట్టుకునేవాళ్లు రోజూ కనిపిస్తారు. నంబరు గన్ వేలాడే హోల్డర్ పక్కన రాసి ఉంటుంది, కేబుల్ ఏ వైపు నుంచి వచ్చిందో చూసి ఖాయం చేసుకోండి.

---

వరంగల్_వోల్ట్స్:

పై జవాబుకు చిన్న సవరణ. గన్ పెట్టినా అనుమతి వచ్చేదాకా కారుతో మాటలు మొదలుపెట్టని మెషిన్లు కూడా ఉన్నాయి. వాటిలో ఆ 60 సెకన్ల గొడవ రాదు. కానీ బయటి నుంచి చూస్తే ఏది ఏ రకమో తెలియదు కాబట్టి మీరు చెప్పిన వరసే అన్నింటికీ పనికొస్తుంది.

బ్యాలెన్స్ లెక్క కూడా చెప్పేస్తాను. 40.5 యూనిట్లలో 60 శాతం అంటే 24.3. ఛార్జింగ్‌లో వృథాగా పోయేది కలిపి 26 అనుకోండి. యూనిట్ 20 రూపాయలు అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 23.60 అవుతుంది. మొత్తం దాదాపు 614 రూపాయలు. వ్యాలెట్‌లో 700 ఉంచుకుంటే నడిమధ్యలో ఆగదు. బ్యాలెన్స్ అయిపోతే సర్వరే సెషన్ ఆపేస్తుంది, డబ్బులు వేసినా తిరిగి దానంతటది మొదలవదు, అంతా మొదటి నుంచీ చేయాలి. యాప్‌లో రేటు చూసేటప్పుడు అది జీఎస్టీ కలిపా, కలపకనా అన్నది కూడా చూడండి. కొన్నిచోట్ల పగటికీ రాత్రికీ రేటు వేరు. కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా స్టేషన్లకు కరెంటు చవగ్గా ఇమ్మని ఉంది, కొందరు ఆపరేటర్లు అది మనదాకా తెస్తారు.

---

సూర్యాపేట_రూట్:

చాలా ఉపయోగం అండీ. ఒక అనుమానం. కారు పడుకుంటే స్టార్ట్ మళ్లీ నొక్కితే లేవదా? గన్ తీసి పెట్టాల్సిందేనా?

---

ఛార్జర్_టెక్నీషియన్_బెజవాడ:

తీసి పెట్టాల్సిందే. కారణం చెబుతాను, ఒకసారి అర్థమైతే మరిచిపోరు.

మన కార్లకు ఉండేది సీసీఎస్2 అనే రకం ప్లగ్గు. పై భాగంలో గుండ్రటి టైప్ 2 (ఏసీ ప్లగ్గు ఆకారం), కింద రెండు లావు డీసీ పిన్నులు. డీసీ గన్‌ను ఒకసారి ఎదురుగా పెట్టుకుని చూడండి. పై గుండ్రంలో పెద్ద రంధ్రాలు చాలావరకు ఖాళీ. ఎర్త్‌తో పాటు రెండు సన్నవి మాత్రమే నిజంగా పనిచేస్తాయి. ఆ సన్నవాటిలో ఒకటి కంట్రోల్ పైలట్. గన్ విడిగా ఉన్నప్పుడు దాని మీద 12 వోల్టులు ఉంటాయి. కారుకు తగలగానే 9కి పడుతుంది, అంటే ‘వచ్చాను’ అని. కారు సిద్ధమయ్యాక 6కి పడుతుంది, అంటే ‘ఇక కరెంటు ఇవ్వు’ అని. అసలు సంభాషణ కూడా అదే తీగ మీద సన్నటి సిగ్నల్‌గా నడుస్తుంది. లైన్ కట్ చేసుకున్న కారు చాలా మోడళ్లలో 12 నుంచి 9కి మారడం మళ్లీ చూస్తేనే నిద్ర లేస్తుంది. గన్ బయటికి తీస్తేనే ఆ మార్పు వస్తుంది. తీసి, 10, 15 సెకన్లు ఆగి, యాప్‌లో ‘అవైలబుల్’ అని పడ్డాక మళ్లీ పెట్టండి. కారు తాళం ఒకసారి వేసి తీస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ఎర్రర్ ఎంతసేపటికి వచ్చిందో గమనించండి, అదే పెద్ద ఆనవాలు.

నొక్కిన వెంటనే, 5 సెకన్లలోపు వస్తే అది అనుమతి సమస్య. బ్యాలెన్స్ చాలదు, లేదా మెషిన్ ఆఫ్‌లైన్, లేదా గన్ నంబరు తప్పు. కారుకు దీనితో సంబంధం లేదు.

15, 20 సెకన్లకు వస్తే కారూ మెషిన్ ఒకదానికొకటి దొరకలేదు. గన్ సరిగ్గా కూర్చోలేదన్నమాట, చాలాసార్లు. యూరప్ పద్ధతి గన్‌కు, అంటే మన సీసీఎస్2కు, సొంత కొక్కెం ఉండదు. కారు వైపు నుంచి చిన్న మేకు వచ్చి గన్ గాడిలోకి దిగి పట్టుకుంటుంది. డీసీ కేబుల్ బరువుకు గన్ ముక్కు పైకి లేచి, తోక కిందికి వాలితే ఆ మేకు గాడిలో పడదు. చేత్తో గన్ వెనుక భాగాన్ని కాస్త పైకెత్తి, కారు వైపు నొక్కిపట్టి, మరో చేత్తో స్టార్ట్ నొక్కండి. తాళం పడే దాకా అలాగే పట్టుకోండి. ఇంత చిన్న పనితో మొదలైపోయే కేసులు చాలా ఎక్కువ. కేబుల్ గాలిలో వేలాడకుండా కారును మెషిన్‌కు దగ్గరగా పెట్టడం కూడా ఇందుకే.

తాళం పడింది, మాటలు మొదలయ్యాయి, ఆ తర్వాత అర నిమిషం పైన ఆగి ఎర్రర్ వచ్చిందంటే ఇన్సులేషన్ పరీక్ష దగ్గర పోయింది. కరెంటు ఇచ్చే ముందు మెషిన్ కేబుల్‌లోకి వోల్టేజీ పంపి, ఎర్త్‌లోకి లీకవుతోందా అని చూస్తుంది. దానికి గడువు 40 సెకన్ల దాకా ఉంటుంది. వాన పడ్డాక గన్ లోపల తడి ఉంటే ఇక్కడే ఆపేస్తుంది. అలా ఆపడం మన మంచికే. గన్‌ను నోరు కిందికి పెట్టి దులిపి, పైపైన పొడి గుడ్డతో తుడవండి. రంధ్రాల్లోకి పుల్లలు, పిన్నీసులు దూర్చవద్దు. కుదరకపోతే పక్క గన్‌కు మారిపోండి. రెండు వేర్వేరు స్టేషన్లలో ఇదే దశలో ఆగితే మాత్రం కారును సర్వీస్ సెంటర్‌కు చూపించాలి.

ఇంకొకటి. కారులో 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసపడితే మేకు సరిగ్గా దిగదు, కాంటాక్టర్లు (పెద్ద బ్యాటరీని లైన్‌కు కలిపే స్విచ్‌లు) పడవు. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా సరే. ఎక్కడ పెట్టినా మొరాయించే కారులో ముందు చూడాల్సింది అదే.

---

గోదారి_ఈవీ:

యాప్ కాక మిగతా దారులు నేను రాస్తాను.

ఆర్ఎఫ్ఐడీ కార్డు. నా దృష్టిలో హైవే మీద వెళ్లేవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైనది లేదు. ఏ ఛార్జింగ్ కంపెనీ కార్డు ఆ కంపెనీదే, యాప్‌లో అడిగితే ఇంటికి పంపేవాళ్లున్నారు. గన్ పెట్టి, తాళం పడ్డాక, మెషిన్ మీద అలల గుర్తు ఉన్న చోట కార్డును ఆనించి 2, 3 సెకన్లు పట్టుకోవాలి. బీప్ వచ్చేదాకా తీయకూడదు. మీ ఫోన్‌లో సిగ్నల్ అక్కర్లేదు, చార్జ్ కూడా అక్కర్లేదు. మెషిన్‌కే సిగ్నల్ లేకపోయినా, ఆపరేటర్ కార్డు నంబర్ల జాబితాను మెషిన్‌లో ముందే దాచి ఉంచితే పనిచేస్తుంది. ఆ సదుపాయం అందరూ ఇవ్వరు. కొనే ముందు కస్టమర్ కేర్‌ని ‘ఆఫ్‌లైన్‌లో కార్డు పనిచేస్తుందా?’ అని సూటిగా అడగండి.

పర్సులోంచి తీయకుండా ఆనించవద్దు. మెట్రో కార్డు, ట్యాప్ చేసే బ్యాంకు కార్డు కూడా దాని వెనకే ఉంటే మెషిన్ వాటిలో ఒకదాన్ని చదివి ‘చెల్లని కార్డు’ అంటుంది. ఇంకో సంగతి, కార్డుతో మొదలుపెడితే ఆపడానికి కూడా అదే కార్డు కావాలి. కార్డు తీసుకుని భోజనానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా గన్ వదలదు.

ఆటోఛార్జ్. గన్ పెడితే చాలు, ఏమీ నొక్కక్కర్లేదు. కారులో మాట్లాడే మోడెమ్‌కు ఒక నంబరుంటుంది, మొదటిసారి యాప్‌తో ఛార్జ్ చేసినప్పుడు దాన్ని మీ ఖాతాకు కట్టేస్తారు. ఆ తర్వాత నుంచి ఆ నంబరు కనబడితే అనుమతి వచ్చేసినట్టే. డీసీలోనే పనిచేస్తుంది, ఎందుకంటే మన ఏసీ ఛార్జర్లలో ఈ మాటలాడే మోడెమ్ సాధారణంగా ఉండదు. కొన్ని కార్లు ప్రతిసారీ కొత్త నంబరు ఇస్తాయి, వాటికి ఇది కుదరదు. కారు అమ్మేసేటప్పుడు యాప్‌లోంచి ఆ కారును తీసేయడం మరవకండి. లేకపోతే కొన్నవాళ్లు ఛార్జ్ చేసుకుంటుంటే డబ్బులు మీ వ్యాలెట్‌లోంచి పోతుంటాయి.

ప్లగ్ అండ్ ఛార్జ్ అని ఇంకొకటి ఉంది, చూడ్డానికి ఆటోఛార్జ్ లాగే ఉంటుంది కానీ లోపల వేరు. ఐఎస్ఓ 15118 ప్రమాణం ప్రకారం కారులోనే డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది, సంభాషణంతా బయటివాళ్లు చదవలేని రహస్య సంకేతాల్లో (ఎన్‌క్రిప్ట్ అయి) నడుస్తుంది. ఆటోఛార్జ్ నంబరును నకలు చేయొచ్చు, దీన్ని చేయలేరు. దీనికి కారు, మెషిన్, ఆపరేటర్ ముగ్గురూ సిద్ధంగా ఉండాలి. మీ ప్రయాణానికి దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

చివరి దారి ఫోన్. మెషిన్ మీద హెల్ప్‌లైన్ నంబరూ, మెషిన్ ఐడీ రాసి ఉంటాయి. ఐడీ, గన్ నంబరు, మీ రిజిస్టర్డ్ మొబైల్ చెబితే వాళ్లు అక్కడి నుంచే స్టార్ట్ కొట్టగలరు. మెషిన్ బిగుసుకుపోతే రీస్టార్ట్ కూడా చేస్తారు, తిరిగి లేవడానికి 2 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఆ లోపు గన్ తీసి హోల్డర్‌లో పెట్టేయండి. స్టేషన్‌లో మనిషి ఉంటే ఆయన దగ్గర ఎవరి కారుకైనా ఛార్జింగ్ మొదలుపెట్టగల సిబ్బంది కార్డు ఉండొచ్చు, అడగడంలో తప్పులేదు.

---

కిలోవాట్_కృష్ణా:

గోదారి గారు యూపీఐ దారి వదిలేశారు. కొన్ని మెషిన్లలో యాప్ లేకుండానే, ఫోన్ కెమెరాతో క్యూఆర్ స్కాన్ చేస్తే వెబ్ పేజీ వస్తుంది. మొబైల్ నంబరు ఇచ్చి, ఎన్ని యూనిట్లో లేదా ఎన్ని రూపాయలకో ఎంచుకుని, యూపీఐతో కట్టేస్తే మొదలవుతుంది. ఎక్కువ కట్టింది తర్వాత తిరిగొస్తుంది. మరికొన్ని మెషిన్లు స్క్రీన్ మీదే అప్పటికప్పుడు క్యూఆర్ చూపిస్తాయి, అది ఇంకా భద్రం.

ఇక్కడ ఒక్క జాగ్రత్త, దయచేసి అందరూ చదవండి. మెషిన్ మీద అతికించిన క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అతికించి డబ్బులు లాగే మోసానికి ఆస్కారం ఉంది. గోటితో అంచు తడిమి చూడండి, కింద ఇంకొకటి తగిలితే స్కాన్ చేయవద్దు. స్కాన్ చేయగానే ఫోన్‌పే, గూగుల్ పే తెరుచుకుని ఎవరో మనిషి పేరు కనబడితే ఒక్క రూపాయి కూడా కట్టకండి. మెషిన్ మీది స్టిక్కర్ క్యూఆర్‌లో సాధారణంగా ఉండేది ఆ మెషిన్ ఐడీ మాత్రమే. అందుకే బెజవాడ గారు యాప్ లోపలి స్కానర్‌తోనే చేయమన్నారు. నకిలీదైతే యాప్ దాన్ని గుర్తుపట్టదు, అక్కడితో ఆగిపోతుంది. క్యూఆర్ చిరిగిపోయినా, ఎండకు వెలిసిపోయినా యాప్‌లో మెషిన్ ఐడీ టైప్ చేసే చోటు ఉంటుంది, అది వాడండి.

---

వరంగల్_వోల్ట్స్:

ఏసీ (నెమ్మది) ఛార్జింగ్ గురించి ఎవరూ రాయలేదు. హోటల్లో రాత్రంతా పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందని రెండు ముక్కలు.

టైప్ 2 ఏసీలో స్టార్ట్ పద్ధతులు ఇవే, యాప్ లేదా కార్డు. కొన్నిచోట్ల కేబుల్ ఉండదు, సాకెట్ మాత్రమే ఉంటుంది, మీ కేబుల్ మీరే తెచ్చుకోవాలి. అనుమతి వచ్చి, యాప్ ‘ఛార్జింగ్’ అని కూడా చూపించి యూనిట్లు సున్నా దగ్గరే ఉంటే మెషిన్‌ని తిట్టకండి. కారులో రాత్రి 11కి మొదలవ్వాలని టైమర్ పెట్టి ఉంటారు, చూసుకోండి. అది తీసేయగానే కదులుతుంది.

ఇంకోటి, 11 కిలోవాట్ల బోర్డు చూసి సంబరపడొద్దు. అది మూడు ఫేజులు కలిపి, ఫేజుకు 16 ఆంపియర్లు. మన కార్లలో చాలావాటికి ఒక్క ఫేజే అందుతుంది కాబట్టి వచ్చేది 16 ఇంటూ 230, అంటే 3.7 కిలోవాట్లు. పక్కనే 7.4 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఉండి, మీ కారు అంత తీసుకోగలిగితే మీకు అదే రెట్టింపు వేగం.

కొన్ని పాత స్టేషన్లలో గుండ్రటి, తొమ్మిది రంధ్రాల గన్ కనిపిస్తుంది. అది భారత్ డీసీ 001, 15 కిలోవాట్లది, తక్కువ వోల్టేజీ పాత కార్ల కోసం. నెక్సాన్‌కు సరిపడదు. మ్యాప్‌లో ‘డీసీ’ అని చూసి వెళ్లిపోకుండా ‘సీసీఎస్2’ అని ఉందో లేదో చూసి బయల్దేరండి. 60 కిలోవాట్ల మెషిన్‌కు రెండు గన్లుంటే, రెండో కారు వచ్చినప్పుడు చాలావాటిలో చెరో 30 అవుతుంది, మీ టైము లెక్కలో అది కూడా వేసుకోండి.

---

సూర్యాపేట_రూట్:

అందరికీ ధన్యవాదాలు. కార్డుకు ఇవాళే అప్లై చేశాను. చివరగా, ఆపడం ఎలా? గన్ ఇరుక్కుపోతే మెషిన్ మీది ఎర్ర బటన్ నొక్కొచ్చా?

---

ఛార్జర్_టెక్నీషియన్_బెజవాడ:

ఎర్ర బటన్ పొగ, నిప్పు, షాక్ వచ్చినప్పుడు మాత్రమే. మామూలుగా ఆపడానికి అది నొక్కితే ఛార్జర్ మొత్తం ఫాల్ట్‌లోకి వెళ్తుంది. పక్క గన్‌లో ఉన్నవాళ్ల కారు కూడా ఆగిపోతుంది. కొన్నిచోట్ల ఆపరేటర్ దూరం నుంచి రీసెట్ చేస్తేగానీ లేవదు. మీరు వెళ్లేసరికి మెషిన్ ఎర్ర లైటుతో ఉంటే, ఎవరైనా ఆ బటన్ నొక్కి వదిలేశారేమో చూడండి. లోపలికి దిగి ఉంటే బాణం గుర్తు వైపు, అంటే కుడివైపు తిప్పితే పైకి వస్తుంది. నిమిషం ఆగి చూస్తే చాలాసార్లు ఆకుపచ్చ పడుతుంది. తిప్పే ముందు కేబుల్ తెగలేదని, కాలిన వాసన రావడం లేదని చూసుకోండి.

ఆపాలంటే ఎలా మొదలుపెట్టారో అలాగే, యాప్‌తో అయితే యాప్‌లో స్టాప్, కార్డుతో అయితే కార్డు. కారు లోపల ‘టక్’మని కాంటాక్టర్లు తెరుచుకున్న శబ్దం వచ్చేదాకా గన్ ముట్టుకోవద్దు. తర్వాత కీతో కారు అన్‌లాక్ చేయండి. కారు లాక్‌లో ఉంటే సెషన్ అయిపోయినా చాలా మోడళ్లలో మేకు పైకి లేవదు. ‘ఇరుక్కుంది’ అని వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే. అన్‌లాక్ చేసినా రాకపోతే గన్‌ను ముందు లోపలికి ఒకసారి గట్టిగా నొక్కి, తోకను పైకెత్తి, మళ్లీ లాక్, అన్‌లాక్ చేసి తిన్నగా లాగండి. పక్కలకు ఊపితే మేకు వంగుతుంది. అప్పటికీ కాకపోతే కారులో చేత్తో విడిపించే ఏర్పాటు ఉందేమో ఓనర్ మాన్యువల్‌లో చూడండి. అది ఎక్కడుందో బయల్దేరే ముందు ఇంట్లోనే ఒకసారి చూసి పెట్టుకోండి.

యాప్ స్టాప్ నొక్కినా నెట్ లేక ఆగకపోతే, చాలా కార్లలో లోపలి నుంచో, పోర్టు పక్క బటన్‌తోనో ఆపే వీలుంటుంది. బిల్లు అప్పుడు వెంటనే రాకపోవచ్చు, మెషిన్ నెట్‌కు కలిశాక వస్తుంది. స్క్రీన్ మీది చివరి యూనిట్ల సంఖ్యను ఫోటో తీసుకుని కదలండి.